ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎందుకు సాయపడతారు? ఆ మేలును ఎలా చెప్పుకోవాలి?

బండి జారి రోడ్డు మీద పడితే లేవదీసి, మంచినీళ్లు తాగించి, ఇంటికి ఫోన్ చేసి చెప్పినాయన ఎవరో మనకు తెలియదు. ఆటోలో మర్చిపోయిన సంచి వెతుక్కుంటూ వచ్చి ఇచ్చిన డ్రైవరు మళ్లీ కనబడడు. వాళ్ల సంగతి తలచుకున్నప్పుడల్లా వచ్చే సందేహాలకు జవాబులివి.

తిరిగి ఏమీ రాదని తెలిసీ ఎందుకు చేస్తారు?

ఎదుటివాడి అవస్థ చూసి ఊరుకోలేకపోవడం మొదటి కారణం. రెండోది అలవాటు. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టేవాళ్లు తాగేవారి పేరు అడగరు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఆకలితో వచ్చిన బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టింది. అలాంటి ఇళ్లను చూస్తూ పెరిగినవాళ్లకు సాయం చేయడం గొప్ప పనిగా తోచదు, చేయాల్సిన పనిగానే కనిపిస్తుంది.

మరి నలుగురూ నిలబడి చూస్తూ ఊరుకునే సందర్భాలో?

గుంపులో ప్రతివాడూ ‘ఇంకెవరో చూసుకుంటారులే’ అనుకుంటాడు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగం చేసి చూపారు. విద్యార్థులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరికి మూర్ఛ వచ్చినట్టు ఇంటర్‌కమ్‌లో వినిపించారు. ఆ మాటలు తమకొక్కరికే వినబడుతున్నాయనుకున్న వాళ్లలో 85 శాతం మంది మూర్ఛ ఆగేలోపే కబురు చెప్పడానికి లేచారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్న వాళ్లలో లేచింది 31 శాతమే.

తొందర కూడా కాళ్లకు అడ్డం పడుతుంది. 1973లో డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రిన్స్‌టన్‌లో మత విద్య చదివే విద్యార్థులను ప్రసంగానికి పంపి, దారిలో మూలుగుతున్న మనిషిని ఉంచారు. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం మంది ఆగారు. ఆలస్యమైపోయిందని పరుగెత్తుతున్న వాళ్లలో ఆగింది 10 శాతమే. కొందరు మాట్లాడబోయేది దారిన పోయే పరాయివాడు సాయపడిన బైబిల్ కథ గురించే. అయినా తొందరలో ఉన్నవాళ్లను అది ఆపలేకపోయింది.

అలాగని లోకం పాడైపోయిందనుకోనక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ వీధుల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం వెలువడింది. పదింట తొమ్మిది గొడవల్లో చూస్తున్నవారిలో కనీసం ఒక్కరైనా కలగజేసుకున్నారు. అయినా ఆపదలో ఉన్నప్పుడు ‘ఎవరైనా రండి’ అని కేకపెట్టడం కన్నా ‘బాబూ, నీలం చొక్కా! నువ్వు 108కి ఫోన్ చెయ్యి’ అని ఒకరిని పట్టి అడగడం మేలు. బాధ్యత అప్పుడు గుంపులో కలిసిపోదు.

పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయమో?

ఒకప్పుడు ఆ భయానికి ఆధారం ఉండేది. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవారికి సాయపడినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చట్టబద్ధత ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. దాని ప్రకారం, మంచి మనసుతో సాయం చేస్తుండగా గాయపడ్డ మనిషికి ఏమైనా జరిగితే, సాయపడినవారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ చర్య ఉండదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు బలవంతపెట్టకూడదు. సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం.

చిన్న సాయమే, అయినా అంతకాలం ఎందుకు గుర్తుంటుంది?

చేసినవాడు తానిచ్చిన వస్తువును చూస్తాడు, పుచ్చుకున్నవాడు ఇచ్చిన మనసును చూస్తాడు. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ 2022లో ప్రచురించిన పరిశోధనలో ఇది తేలింది. చలిలో షికాగో స్కేటింగ్ మైదానానికి వచ్చినవారికి వేడివేడి చాక్లెట్ పానీయం ఇచ్చి, కావాలంటే అక్కడున్న పరాయివారికి ఇవ్వవచ్చన్నారు. అందుకున్నవారికి కలిగిన సంతోషం ఇచ్చినవారి అంచనాను మించింది. సాయపడేవారు తమ పనిని తక్కువ చేసి చూసుకుంటారు. ‘ఇంత చిన్నదానికి ఏం లెండి’ అనుకుని చేయడమే మానుకునేవారూ ఉంటారు. అందుకే ఆ మేలు పొందినవారు నోరు విప్పాలి.

ఎలా చెప్పుకోవాలి?

ఊరికే ‘థ్యాంక్స్’ అనకుండా, ఏ పని ఎలా అక్కరకొచ్చిందో చెప్పండి. బస్సు కండక్టరో, ఆసుపత్రి ఆయమ్మో చేసిన సాయమైతే పై అధికారికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. వాళ్ల మీద ఫిర్యాదులు వెళ్లినంత తేలిగ్గా మెప్పు వెళ్లదు. వద్దన్నవారి జేబులో డబ్బు కుక్కకండి. అడగకుండా వీడియో తీసి పదిమందికీ పంచకండి. ఆ మనిషి మళ్లీ దొరక్కపోతే, జరిగినది జరిగినట్టు ఇంట్లో పిల్లలకు చెప్పండి.

ఈ వారం మీకు ఏ పరాయి మనిషి వల్ల మేలు జరిగిందో గుర్తు చేసుకుని, కనీసం ఒకరికి చెప్పండి. విన్నవారు రేపు తొందరలో ఉండి కూడా ఒక్క క్షణం ఆగవచ్చు.