పఠన సంకల్పము ఏడాది పొడవున నిలుచుట యెట్లు?

నూతన సంవత్సరారంభమున "ఈ యేడు తప్పక పుస్తకములు చదివెదను" అని నిశ్చయించుకొను బాలబాలికలు మన పాఠశాలలో ప్రతి తరగతియందును గలరు. కొందరు జనవరి మొదటి తేదీన, కొందరు ఉగాదినాడు ఈ నిశ్చయము చేసికొందురు. సంక్రాంతి సెలవులు ముగియునప్పటికి మొదటివారి పుస్తకముపై దుమ్ము పేరుకొనియుండును. ఉగాదివారి స్థితి యింకను కష్టము. ఏలయన ఉగాది మార్చి, ఏప్రిలు నెలలలో, అనగా వార్షిక పరీక్షల వేళకే వచ్చును. పిల్లల సోమరితనమే దీనికి కారణమని పెద్దలు కోపింతురు. నేను చూచినంతవరకు సోమరితనము కంటె సంకల్పము చేసిన తీరులోనే లోప మెక్కువ.

ఇంట ఏ వ్రతమునకైనను ముందుగా పురోహితుడు చెప్పించు సంకల్పమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అందు సంవత్సరము పేరు, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము వరుసగా వచ్చును. ఏ కొండకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ నున్నామో వచ్చును. చేయువాని గోత్రనామములు వచ్చును. ఆ మీదటనే చేయబోవు కార్యము. మన పఠన సంకల్పమున వీనిలో నొక్కటియు లేదు. "చాల పుస్తకములు" అన్నచో ఎన్నియో తెలియదు. "తీరిక దొరకినప్పుడు" అన్నచో ఎప్పుడో తెలియదు. ఎచట కూర్చుండి, ఏ వేళను, ఏ పుస్తకమున ఎన్ని పుటలు, ఎవరు వినుచుండగా చదువుదుమో ముందే చెప్పుకొనవలెను. కడపటి మాటను కొంత సేపటికి వివరించెదను. మన ప్రాంతమున అదియే ముఖ్యము.

మొదట పరిమాణము. నెలకొక పుస్తకమని మొదలిడినవారు రెండవ నెలలోనే వెనుకబడి, ఆ బాకీని చూచి భయపడి మానివేయుదురు. దినమున కొక పుట చాలును. పరీక్షలకు, పండుగలకు, జ్వరములకు అరువదియైదు దినములు విడిచినను, ఏడాదికి 300 పుటలగును. ఇంత స్వల్పమా యని నవ్వువారు పోయిన యేడు తాము పాఠ్యపుస్తకములు గాక చదివిన తెలుగు పుటల నొకసారి లెక్కించుకొందురు గాక.

ఇక మన పిల్లల ప్రత్యేకమైన కష్టము. హోసూరు వీధులలో తెలుగు, కన్నడము, తమిళము మూడును వినబడును. 2006వ సంవత్సరపు చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి నిర్బంధ పాఠ్యమై, ఏటేట ఒక్కొక్క తరగతి పైకెక్కుచు 2015–16లో పదవ తరగతికి చేరినది. తమిళము నేర్చుట మేలే. అది ఇరుగుపొరుగువారి భాష, రాజ్యభాష. కాని దానివలన తెలుగు లిపితో గడపు గడియలు తగ్గినవి. పైగా రెండు లిపుల నడకయు వేరు. తమిళమున క, ఖ, గ, ఘ లన్నిటికి ఒక్కటే అక్షరము, వత్తులు లేవు. మనకో, నాలుగక్షరములును వేరు, ప్రతి హల్లునకు క్రిందనొక వత్తును గలదు. కావున రెండు లిపులును నేర్చు పిల్లవాడు "స్వచ్ఛము", "దుర్ఘటము" వంటి మాటలయొద్ద ఆగిపోవును. అది మందబుద్ధి కాదు, అలవాటు చాలమి. కన్నడము చదువనేర్చిన పిల్లలకు ఈ చిక్కు తక్కువ. ఆ లిపియు మన లిపియు అక్కచెల్లెండ్రు. మొదటి కొన్ని వారములు ఒక పుటకు అరగంట పట్టినను భయపడరాదు. దినదినమును చదివినచో వత్తులు కంటికి తామే అలవడును. నాలుగు దినములకొకసారి చదివినచో ప్రతిసారియు మొదటికే రావలసియుండును. ఆదివారమునాడు ఏడు పుటలు చదువుటకంటె దినమున కొక పుట మేలనుటకు కారణమిదియే.

"ఎవరు వినుచుండగా" అంటిని గదా. మన యిండ్లలో ఒక వింత గలదు. అవ్వకు తెలుగు మాటలన్నియు వచ్చును, అక్షరములు రావు. మనుమనికి అక్షరములు వచ్చును, మాటలు రావు. తల్లి తెలుగు మాటలాడును, కాని బడిలో తమిళము చదివినందున తెలుగు పుస్తకము తెరువలేదు. తెలుగు చదువుటకు వలసిన సంపద ఇంటిలోనే యున్నది, ఒక్కరియొద్ద మాత్రము లేదు. బిడ్డ బిగ్గరగా చదువవలెను, పెద్దలు వినవలెను. కథలో "ఏతము" అను మాట వచ్చినప్పుడు పిల్లవాడు తెల్లబోవును. అవ్వ చేయి పైకెత్తి దించి, బావిలో నీరు తోడిన విధమును చూపును, తమిళులు దానినే "ఏత్తము" అందురని చెప్పును. "గాదె", "మూకుడు", "జాము" లకు అర్థము అడుగుటకు ఇంట అవ్వ ఉండగా నిఘంటువుతో పని లేదు. అవ్వకు తెలియని సంస్కృత పదములను ఒక కాగితముపై వ్రాసియుంచి, వారమున కొకనాడు పాఠశాలలో శబ్దరత్నాకరము చూడవచ్చును. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి యీ నిఘంటువు తెలుగునకు తెలుగులోనే అర్థము చెప్పును. ప్రతి మాటకును చదువు నాపి వెదకినచో కథ చచ్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. "ఎన్ని పుటలైనవి?" అని అడుగకుడు, "తరువాత ఏమైనది?" అని అడుగుడు. మొదటి ప్రశ్న లెక్క, రెండవది ఆసక్తి. ఆ అరగంటయు సెల్‌ఫోను వేరొక గదిలో నుండుట మంచిది, పెద్దలదియు.

పుస్తకములలో మొదటిది సులభమైనదిగా నుండవలెను. చందమామ 1947 జూలైలో మదరాసునుండి తెలుగున, తమిళమున ఒక్కమారే వెలువడినది. ఇప్పుడు రాకున్నను పాత సంచికలు బైండు కట్టించి దాచుకొన్న యిండ్లు గలవు, అడిగి తెచ్చుకొనుడు. పులికాటు సరస్సు తీరపు పలుకుబడిలో స.వెం. రమేశ్ గారు వ్రాసిన ప్రళయకావేరి కథలు చదివినచో, మనవంటి సరిహద్దు తెలుగునకును అచ్చులో చోటు గలదని తెలియును. పై తరగతులవారు నీతిచంద్రికకు పూనుకొనవచ్చును. దానిని 1853లో ప్రకటించిన చిన్నయసూరి శ్రీపెరుంబుదూరున పుట్టి మదరాసున పనిచేసిన పండితుడు. మనవలెనే తమిళుల నడుమ బ్రదికినవాడు. అందలి గద్యము కఠినము, దినమునకు అర పుటయే చాలును. తిక్కన విరాటపర్వము ఐదాశ్వాసములు. దానిని తొందరపడి మొదటి యేటనే పట్టుకొనవలదు. ఇరువది పుటలు చదివినను మనసు పట్టని పుస్తకమును విడుచుట దోషము గాదు. కాని రెండవ పుస్తకము చేతికి వచ్చిన పిమ్మటనే మొదటిదానిని విడువవలెను.

ఒక దినము తప్పినచో మరునాడు రెండు పుటలు చదువవలదు. బాకీ తీర్పబూనినచో మరల భయము పట్టుకొనును. వరుసగా మూడు దినములు తప్పినచో వేళ కుదరలేదని యర్థము. రాత్రి నిద్ర వచ్చుచున్నచో ఉదయమునకు మార్చుడు. సెప్టెంబరు, డిసెంబరు పరీక్షల వారములలో పుటకు బదులు ఒక్క పద్యమో, ఒక్క పేరాయో చదివినను చాలును. చిన్న నోటుబుక్కులో తేదీ, పుట సంఖ్య, ఆనాడు క్రొత్తగా తెలిసిన ఒక మాట వ్రాయుడు. అంతకు మించి సారాంశములు వ్రాయబోయిన అది మరియొక హోంవర్కు అగును.

మొదలిడుటకు జూన్‌లో బడి తెరచిన వారము మంచిది. పరీక్షలు దూరము, దినచర్య క్రొత్తగా కుదురుకొనుచుండును. వేసవి సెలవులకు గ్రంథాలయపు బీరువా తాళము పడును గనుక, ఆ రెండు నెలలకు వలసిన పుస్తకములను ఏప్రిలు మొదటి వారముననే అడిగి తీసికొని పొండు.