మిరపచేలలో బొబ్బర తెగులు: గుర్తించు విధము

మిరప ఆకు ముడుచుకొనినంతనే మన రైతులు ముడత వచ్చినదని దుకాణమునకుఁ బోయి మందు తెచ్చెదరు. ముడత యనునది రోగము పేరు గాదు, రోగలక్షణము మాత్రమే. జ్వరమునకు కారణములు పెక్కు లున్నట్లే ముడతకును గలవు.

ఒక గ్రామమున మన సభ్యుఁడొకరు తామరపురుగుల కని నాలుగు మారులు మందు చల్లించిరి. నేను పోయి చూచునప్పటికి అప్పు పెరిగినది గాని చిగురు విచ్చుకొనలేదు. ఆ చేనికిఁ బట్టినది వైరసు. 2021లో క్రొత్త జాతి తామరపురుగు గుంటూరు, ఖమ్మము, వరంగల్ ప్రాంతముల మిరప పూతను నాశనము చేసినది మొదలు ప్రతి ముడతయు పురుగువలననే యని తలఁచుట పరిపాటి యైనది.

కావున రైతు సోదరులు ఈ భేదములను గమనింపవలెను.

1. తామరపురుగు: ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెవలె నగును. చిగురును తెల్లకాగితముపై తట్టినచో సన్నని పురుగులు రాలును.

2. తెల్లనల్లి: అంచులు క్రిందికి ముడుచుకొనును, కాడలు ఎలుకతోకవలె సాగును. నల్లిని చూచుటకు భూతద్దము కావలెను.

3. బొబ్బర వైరసు: ఆకులు ముడుచుకొనుటయే గాక ఈనెల నడుమ బొబ్బలవలె ఉబ్బును. ఈనెలు దళసరియై, కణుపులు దగ్గరపడి మొక్క గిడసబారును. మొక్కను కదల్చిన తెల్లదోమ లెగురును.

పురుగు, నల్లి నశించిన పిదప పుట్టు చిగురు చక్కగా విచ్చుకొనును. వైరసు సోకిన మొక్క చిగురు ముడుచుకొనియే పుట్టును. ఇది ముఖ్యమైన గురుతు.

ఈ వైరసు రెండు గోళములు జంటగా అతికినట్లుండును. అందుచే శాస్త్రజ్ఞులు మిథునరాశి పేర దీనిని జెమిని వైరసు లనెడి కుటుంబమునఁ జేర్చిరి. ముప్పదివేలకుఁ బైగా వరుసగాఁ బేర్చినఁగాని ఒక మిల్లీమీటరు నిండదు. రోగపు మొక్క రసమును పీల్చిన తెల్లదోమలను వలలోని మంచి మొక్కలపై విడిచి, అదే రోగము పుట్టునేమో చూచుట పూర్వపరీక్ష. నేఁడు ప్రయోగశాలలలో ఆకునందలి వైరసు జన్యుపదార్థమును పి.సి.ఆర్. పరీక్షచేఁ బోల్చి నిర్ధారించుచున్నారు.

వైరసు సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. రాకుండఁ జేయుటయే మార్గము. నారుమడిపై సన్నకన్నుల నైలాను వల కప్పవలెను. చేను చుట్టును రెండు మూఁడు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని ముందుగా విత్తవలెను. పసుపురంగు జిగురు అట్టలు కట్టి తెల్లదోమ యునికిని కనిపెట్టవలెను. గట్లమీఁది కలుపు తీయవలెను. నాటిన తొలిదినములలో రోగము కనఁబడిన మొక్కలను వెంటనే పెరికి పూడ్చవలెను. పెరుకుటకుఁ జేయి రాదనుట యెఱుఁగుదును. కాని ఒక మొక్కపై జాలిపడి దొడ్డి యంతటిని పోఁగొట్టుకొనరాదు.

సంఘమునుండి తెచ్చిన అప్పు మరల తీర్పవలసినదే గదా. మందు కొనుటకుఁ బూర్వము ఆకును త్రిప్పి చూడుఁడు.