కొత్త పరుపంటే కుక్కపిల్లకు బెరుకెందుకు?

మెత్తటి కొత్త పరుపు తెచ్చి వేస్తాం. కుక్కపిల్ల దాన్నోసారి వాసన చూసి, వెళ్లి పాత గోనెపట్టా మీదే ముడుచుకుని పడుకుంటుంది. ఎందుకలా?

కుక్క దేన్నైనా ముందు ముక్కుతోనే గుర్తుపడుతుంది. పాత పట్టాలో దాని ఒంటి వాసన ఉంటుంది, అదే దానికి ధైర్యం. కొత్త పరుపుకు ఉండేది దుకాణం వాసనే. అందుకే పట్టాను ఉతక్కుండా పరుపు మీద పరచండి. పరుపును కూడా అది రోజూ పడుకునే చోటే వేయండి. మీరు తొడిగి విడిచిన చొక్కా పక్కన పెట్టినా మంచిదే.

ఎత్తుకెళ్లి బలవంతంగా పడుకోబెట్టకండి, పాపం, బెదిరిపోతుంది. బాగా ఆడి అలసిపోయిన వేళ దానంతటదే కాలు పెడుతుంది. అప్పుడు ఉప్పూకారం లేని ఉడికిన కోడిమాంసం చిన్న ముక్క పెట్టి, మెల్లగా మెచ్చుకోండి.

పరుపును గోళ్లతో గీరుతూ గుండ్రంగా తిరుగుతోందా? తిట్టొద్దు. దాని అరికాళ్లలో చెమట గ్రంథులుంటాయి. గీరినప్పుడు ఆ వాసన పరుపుకు అంటుతుంది, పరుపు దానిదైపోతుంది.

కొరకడం మాత్రం వేరే సంగతి. దాదాపు నాలుగో నెల నుంచి 28 పాలపళ్లు ఊడుతూ, వాటి చోట మొత్తం 42 గట్టి పళ్లు వస్తాయి. చిగుళ్లు సలుపుతుంటే ఏది దొరికితే అది నములుతుంది. దూది మింగితే ప్రమాదం కాబట్టి నమిలే బొమ్మ ఒకటి దగ్గరుంచండి.