"తరువాత" అను మీట

ఖరీఫ్ ఋణముల కాలమున సహకార సంఘ కార్యాలయమునందు గాని, మీ సేవా కేంద్రమునందు గాని ఒక అరగంట కూర్చుండినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. బయట రైతులు వరుసగా నిలిచియుందురు. లోపల కంప్యూటరు తెరపై ఒక చిన్న ప్రకటన కానవచ్చును. భద్రతా సవరణలు సిద్ధముగా నున్నవి, యంత్రమును ఇప్పుడే ఆపి మరల ప్రారంభింపవలెనా, తరువాతనా అని దాని ప్రశ్న. కంప్యూటరు ముందున్న యువకుడు ఒకసారి వరుసవైపు చూచి "తరువాత" అను మీటను నొక్కును. మరునాడును అదే ప్రశ్న, అదే జవాబు. ఆ యువకుని నిందించుట మా ఉద్దేశము కాదు. ఈ వ్యాసము వ్రాయుటకు కూర్చుండిన దినమున మా కార్యాలయపు యంత్రముననే అట్టి ప్రకటన మూడు వారములుగా వేచియుండుట గమనించి మేమును సిగ్గుపడితిమి.

భద్రతా సవరణ యనగా నేమి? వాడుకలో దీనిని అప్‌డేట్ అందురు. కంప్యూటరును నడిపించునది సాఫ్ట్‌వేర్, అనగా యంత్రమునకు మనుష్యులు వ్రాసి యిచ్చిన ఆజ్ఞల సముదాయము. విండోస్ వంటి దానిలో అట్టి ఆజ్ఞలు కోట్ల పంక్తులు గలవు. ఎంత నేర్పరులు వ్రాసినను కొన్ని పొరపాట్లు మిగిలిపోవును. వానిలో కొన్ని, చెరువు గట్టులోని ఎలుక బొరియ వలె, పైకి కనిపింపక లోపలికి దారి యిచ్చును. వానిని కనుగొనినప్పుడెల్ల తయారీదారు పూడ్చి పంపును. విండోస్‌ను తయారు చేయు మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రతి నెలయు రెండవ మంగళవారమున ఈ సవరణలను విడుదల చేయుచున్నది.

ఇచ్చట చాలమంది గుర్తింపని విషయ మొకటి కలదు. సవరణ వెలువడుటతోనే, లోప మెచ్చట నున్నదో దొంగలకును తెలిసిపోవును. ఫలానా రకపు తాళము మేకుతో తెరచుకొనుచున్నది, వచ్చి క్రొత్తది తీసికొనిపొండని తాళముల వర్తకుడు టముకు వేయించినచో ఆ మాట ఊరివారితోపాటు దొంగయు విను గదా! సాఫ్ట్‌వేర్ విషయమున దొంగలు పాత ప్రతిని, సవరించిన ప్రతిని ప్రక్కప్రక్కన పెట్టి, మారిన చోటు నెదకి, అదియే దారిగా గ్రహింతురు. అందుచేత సవరణ వచ్చిన పిదప దానిని అమర్చుకొనని యంత్రమునకు మునుపటికంటె ముప్పు హెచ్చును.

2017 వ సంవత్సరమున జరిగినది ఇదియే. మార్చి 14 న మైక్రోసాఫ్ట్ ఒక లోపమునకు సవరణ విడుదల చేసినది. ఏప్రిల్‌లో ఆ లోపమును వాడుకొను సాధనము బహిరంగమైనది. మే 12 న, అనగా సవరణ వచ్చిన 59 దినములకు, వానాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేర్ ప్రపంచముపై విరుచుకుపడినది. ఎవరును ఏ మీటను నొక్కకయే అది ఒక యంత్రమునుండి మరియొక దానికి ప్రాకినది. లోపలి దస్త్రములకు రహస్య లిపితో తాళము వేసి, 300 డాలర్లు చెల్లింపుడనియు, మూడు దినములు దాటినచో రెట్టింపనియు తెరపై వ్రాసినది. కొలది దినములలో సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని వాత బడినవి. వీనిలో అత్యధికము విండోస్ 7 యంత్రములు. వానికి సవరణ మార్చిలోనే సిద్ధముగా నుండెను.

ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్య సేవలో 236 ట్రస్టులకు గాను కనీసము 80 దీనివలన చిక్కుపడినవి. 19,000 కు పైగా వైద్య సంప్రదింపులు రద్దయి యుండునని అంచనా వేయబడినది. సవరణ అమర్చుకొనుడని ఆ సంస్థలకు మార్చి, ఏప్రిల్ నెలలలోనే హెచ్చరికలు పంపబడియుండెను. మన ఆంధ్రప్రదేశ్‌లోను కొన్ని జిల్లాలలో పోలీసు శాఖ కంప్యూటర్లు ఈ దెబ్బ తినినవి.

ఇంత తెలిసియు జనులు ఏల వాయిదా వేయుదురు? సోమరితన మనుట న్యాయము కాదు. పల్లెలో ఇంటర్నెట్ నెమ్మది, డేటాకు డబ్బు. సవరణ నడుమ కరెంటు పోవునేమోయను జంకు మరియొకటి. వెనుక నొకసారి సవరణ తరువాత ప్రింటరు పని చేయలేదను అనుభవము చాలమందికి కలదు. ఈ భయము పూర్తిగా నిరాధారము కాదు. 2024 జూలై 19 న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన దోషయుక్తమైన సవరణ వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలి తెరతో నిలిచిపోయినవి. ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయమున చేతివ్రాత బోర్డింగు పాసులు ఇచ్చిరి. అయితే దానినుండి నేర్వవలసినది వేరు. పది యంత్రములున్న కార్యాలయము మొదట ఒకదానిలో అమర్చి, రెండు మూడు దినములు చూచి, మిగిలిన వానిలో అమర్చవచ్చును. ఇట్టి ఆలస్యమునకు గడువు కలదు. "తరువాత" అను మీటకు గడువు లేదు.

మరియొక సందేహము నిజముగా మెచ్చదగినది. వాట్సాప్‌లో వచ్చు "మీ బ్యాంకు యాప్ అప్‌డేట్ చేయుడు" అను సందేశములను నమ్మరాదు. వాని వెంట వచ్చు ఏపీకే దస్త్రములను తెరచి సొమ్ము పోగొట్టుకొనినవారు కలరు. అసలైన సవరణ కంప్యూటరు లేక ఫోను సెట్టింగులలోను, ప్లే స్టోరులోను మాత్రమే వెదకవలెను. పొరపాటున సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు తెలుపవలెను.

సవరణ దిగుమతి కాగానే పని ముగిసినదని కొందరు తలంతురు. పెక్కు సవరణలు యంత్రమును ఆపి మరల ప్రారంభించినగాని అమలులోనికి రావు. ల్యాప్‌టాప్ మూత మూయుట దానితో సమానము కాదు. లెక్కల ప్రతి నొకదానిని విడి డిస్కులో దాచి, పని కాగానే ఆ డిస్కును యంత్రమునుండి ఊడదీయవలెను. తగిలించియే యుంచినచో దానికిని తాళము పడును. పాత యంత్రముల సంగతి వేరు. విండోస్ 10 కు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14 తో నిలిచిపోయినవి. ప్రత్యేకముగా నమోదు చేసికొనిన వానికి మాత్రమే అటుపిమ్మట సవరణలు అందును. తమ యంత్రము ఏ తరగతికి చెందినదో ప్రతి సంఘ కార్యదర్శియు విచారించుకొనవలెను.

2022 లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల కంప్యూటరీకరణకు ఆమోదము తెలిపినది. రైతు ఋణఖాతా ఇప్పుడు చిట్టాపుస్తకమునుండి ఈ యంత్రములోనికి వచ్చుచున్నది. కావున వరుసలో నిలిచిన పెద్దలకు మా మనవి యొకటి. బల్ల వెనుకనున్న అబ్బాయి "యంత్రమునకు సవరణ అమరుచున్నది, అరగంట ఆగుడు, మామా" అని చెప్పినప్పుడు అతనిపై కేకలు వేయకుడు. వారమున కొకసారి, కార్యాలయము మూయు వేళకు ముందు, ఆ అరగంటను పంచాయతీవారును సంఘమువారును అతనికి నిర్ణయించి యిచ్చినచో మరియు మేలు.