పదడుగుల గదే మీ స్టూడియో!

ఝరాసంగం అనగానే చాలామందికి కేతకీ సంగమేశ్వరాలయం గుర్తొస్తుంది. రేడియో గురించి తెలిసినోళ్లకి మాత్రం ఇదే మండలంలోని మాచ్‌నూర్ గుర్తొస్తుంది. 2008 అక్టోబర్ 15న ఇక్కడే సంఘం రేడియో ఎఫ్‌ఎం ప్రసారాలు మొదలయ్యాయి. దళిత మహిళలే నడిపే కమ్యూనిటీ రేడియో దేశంలో ఇదే మొదటిది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు లైసెన్సు రాకముందు నుంచే, అంటే 1990ల చివరి నుంచే, పాటలూ ముచ్చట్లూ రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘాల్లో వినిపించేవారు. మైక్ పట్టుకోవడం, రికార్డు చేయడం, ఎడిట్ చేయడం అన్నీ ఊళ్లోనే నేర్చుకున్నారు.

అప్పట్లో దానికి ఒక సంస్థ, ఒక భవనం, బయటి సాయం కావాల్సి వచ్చింది. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది, ఇంట్లో ఓ పాత ల్యాప్‌టాప్ ఉంది. పాట రికార్డు చేయడం కష్టం కాదు. అసలు తంటా మిక్సింగ్ దగ్గర మొదలవుతుంది. గదిలో విన్నప్పుడు అదిరిపోయిన పాట, ఆటోలో పెడితే బేస్ మాయమై, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. తప్పు మీ చెవులది కాదు, స్పీకర్లదీ కాకపోవచ్చు. చాలాసార్లు అది గదిది.

గది ఎందుకు అబద్ధం చెబుతుంది?

శబ్దం ఒక గోడకు తగిలి ఎదుటి గోడకు, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి వస్తుంది. గది కొలతకు సరిపోయే కొన్ని బేస్ స్వరాలు అలా కొట్టుకుంటూ గదిలో కొన్నిచోట్ల బాగా పెరుగుతాయి, కొన్నిచోట్ల దాదాపు వినపడకుండా పోతాయి. ఆ స్వరం ఏదో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. 565ని గోడల మధ్య దూరంతో (అడుగుల్లో) భాగించండి. పది అడుగులైతే దాదాపు 56 హెర్ట్జ్, పన్నెండైతే 47. ఎనిమిదడుగుల ఎత్తున్న కప్పుకైతే దాదాపు 71.

10×10 గదితో ఇబ్బంది ఏంటంటే, పొడవూ వెడల్పూ రెండూ ఒకే స్వరాన్ని పట్టుకుంటాయి. సమస్య రెట్టింపు అవుతుంది. 10×12 గది దొరికితే అది తీసుకోండి. దొరక్కపోతే ఉన్నదాంట్లోనే సర్దుకోవచ్చు.

ముందు కుర్చీ జరపండి, తర్వాతే కొనండి

ఇది పైసా ఖర్చు లేని పని. ఫలితం మాత్రం ఎక్కువ.

టేబుల్‌ను పొట్టి గోడ వైపు పెట్టండి, శబ్దం గది పొడవునా వెళ్తుంది. గదికి సరిగ్గా మధ్యలో కూర్చోవద్దు, అక్కడ బేస్ పడిపోతుంది. వెనక గోడకు ఆనుకుని కూర్చోవద్దు, అక్కడ బేస్ ఉబ్బిపోతుంది. ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో తల ఉండేలా మొదలుపెట్టండి. పన్నెండడుగుల గదిలో అది దాదాపు నాలుగున్నర అడుగులు. అక్కడి నుంచి అటూ ఇటూ జరుగుతూ, బేస్ అన్ని స్వరాల్లో సమానంగా వినిపించే చోటు పట్టుకోండి.

రెండు స్పీకర్లు, మీ తల కలిపి సమబాహు త్రిభుజం కావాలి. స్పీకర్లోని చిన్న కోన్ చెవి ఎత్తుకు రావాలి. టేబుల్ మీద నేరుగా పెట్టకుండా కింద గట్టి ఫోమ్ ముక్కో, మడతపెట్టిన మందపాటి రగ్గో వేయండి. చిన్న గదిలో స్పీకర్లను గోడకు దగ్గరగా పెట్టడమే మేలు. దానివల్ల పెరిగే బేస్‌ను స్పీకర్ వెనకున్న స్విచ్‌తో తగ్గించొచ్చు.

వంకర గదైతే?

ఊళ్లల్లో గది ఖాళీగా దొరకదు. ఓ పక్క మంచం, ఓ పక్క బీరువా, మూలకు జొన్న బస్తాలు. ఎడమ పక్క గోడ, కుడి పక్క తలుపు. ఇలాంటి గదిలో ఎడమ, కుడి స్పీకర్లు ఒకేలా వినపడవు. పరీక్ష సులువు. ఒక్క గొంతునే మోనోలో పెట్టి కళ్లు మూసుకోండి. గొంతు సరిగ్గా మధ్యలోంచి రాకుండా గోడ వైపు లాగుతోందంటే, ఆ గోడకు మందపాటి బొంత వేలాడదీయండి.

స్టీలు బీరువా తలుపు, దాని మీద పెట్టిన గిన్నెలు బేస్‌కు గలగలమంటాయి. ముందు గిన్నెలు దించండి. తలుపు సందులో గుడ్డ కుక్కండి. పరుపున్న మంచాన్ని మాత్రం తీయకండి, అది శబ్దాన్ని బాగానే పీలుస్తుంది.

కోడిగుడ్డు అట్టలు వద్దు

ఇంటర్నెట్‌లో ఎంతమంది చెప్పినా సరే, గుడ్ల అట్టలు బేస్‌ను ఆపలేవు. పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. అంగుళం మందం ఫోమ్ కూడా పైస్వరాలనే మింగుతుంది. గది మందకొడిగా మారుతుంది, బేస్ సమస్య అట్లనే ఉంటుంది.

పనిచేసేది మందమే. చెక్క ఫ్రేములో నాలుగంగుళాల రాక్‌వూల్ పెట్టి, పైన గుడ్డ చుట్టించండి. వడ్రంగి ఒక్కరోజులో చేసిస్తాడు. నింపేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. గోడకు నాలుగంగుళాల దూరంలో నిలబెడితే ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తుంది. మొదట రెండు పక్క గోడలకు, తర్వాత మూలలకు, వెనక గోడకు.

పక్క గోడ మీద ఎక్కడ పెట్టాలి? దోస్త్‌ని పిలిచి గోడ వెంట అద్దం జరపమనండి. కుర్చీలోంచి చూస్తే స్పీకర్ ఎక్కడ కనిపిస్తుందో, అక్కడే.

ఒక్క మాట. ఇవి గదిలోపలి శబ్దాన్ని సరిచేస్తాయి, బయటి శబ్దాన్ని ఆపవు. రేకుల మీద వాన, జాతర మైకులు, ట్రాక్టర్ చప్పుడు వస్తూనే ఉంటాయి. రికార్డింగ్ తెల్లారుజామున పెట్టుకుని, మిక్సింగ్ పగలు చేసుకోండి. స్పీకర్లలో గుయ్యిమంటుంటే ఎర్తింగ్ చూపించండి, మూడో పిన్ తీసేయడం మాత్రం ప్రమాదం.

డప్పు ఫోన్‌లో వినపడాలంటే

మీ పాటను ఎక్కువమంది వినేది ఫోన్ స్పీకర్‌లో. దాంట్లో కింది బేస్ అసలు రాదు. డప్పు మోత పోయి పుల్ల దెబ్బ మాత్రమే మిగులుతుంది. బేస్ పెంచితే లాభం లేదు. కొంచెం సాచురేషన్ కలిపితే డప్పుకు పైస్వరాలు తోడై, చిన్న స్పీకర్‌లో కూడా ఆ బరువు తెలుస్తుంది.

మీకు బాగా తెలిసిన రెండు పాటలు ఎంచుకుని, మీ మిక్స్‌ పక్కన అదే సౌండ్‌లో పెట్టి పోల్చండి. మాట్లాడుకునేంత సౌండ్‌లోనే పనిచేయండి. బేస్ నమ్మకం కుదరకపోతే హెడ్‌ఫోన్స్‌లో చూడండి, వాటికి గది ఉండదు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు. బ్యాండ్‌ల్యాబ్ ఫోన్‌లోనూ ఉచితంగా నడుస్తుంది. గదిని కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితం.

పెద్ద స్టూడియో లేకపోతే పెద్ద పాట రాదా? బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్‌ను ఆమె అన్న ఫినియాస్ లాస్ ఏంజెలెస్‌లోని తన పడకగదిలోనే చేశాడు. 2020లో దానికి ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ వచ్చింది.

మనకు గ్రామీ తర్వాత సంగతి. నాట్లప్పుడు, పెళ్లిళ్లల్లో అమ్మమ్మ పాడే పాటలు పుస్తకాల్లో ఉండవు. ఆమె యాస, ఆమె ఊపిరి తీసుకునే చోటు ఆమె గొంతుతోనే ఉంటాయి. అప్పు చేసి ఖరీదైన స్పీకర్లు కొనేదాకా ఆగితే ఆ గొంతు ఆగకపోవచ్చు. ఈ ఆదివారం గది కొలవండి, కుర్చీ జరపండి, బొంత వేలాడదీయండి. సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి ఒక్క పాట పాడించండి.