పందిరి కింద బడి

శ్రీరామనవమి పందిట్లో రాత్రి పది దాటింది. హరిదాసు సీతాకల్యాణం చెబుతున్నాడు. మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. ఒక పక్క మృదంగం, ఇంకో పక్క వయొలిన్. శివధనుస్సు విరగడానికి ఇంకా చాలా సేపుంది. ఈలోగా మూడో వరసలో ఒక పెద్దాయన తల వాలిపోయింది. ముందు కూర్చున్న పిల్లలు ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటున్నారు. హరిదాసు చూపు అటు వెళ్లింది. జనకుడి సభను అక్కడే ఆపి, అత్తాకోడళ్ల పిట్టకథ ఒకటి ఎత్తుకున్నాడు. పందిరంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుకి పెద్దాయన కళ్లు తెరిచి సర్దుకుని కూర్చున్నాడు. చిడతలు మోగాయి. అందరిచేతా ఒకసారి ‘గోవిందా’ అనిపించి, హరిదాసు కథను మళ్లీ మిథిలకు తీసుకెళ్లాడు.

ఇప్పుడు కాలేజీల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ పేరుతో క్లాసులు పెడుతున్నారు. ఎదుటివాళ్ల ముఖం చూసి మాట మార్చుకోవడం, గొంతు ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో తెలుసుకోవడం అందులో పాఠాలు. హరిదాసు ఇవన్నీ పందిట్లోనే నేర్చుకున్నాడు. పైగా అతని పరీక్ష ఇంకా కష్టం. వినేవాళ్లకు కథంతా ముందే తెలుసు. విల్లు ఎవరు విరుస్తారో పసిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. అయినా వాళ్లని గంటల తరబడి కూర్చోబెట్టాలి. అందుకే వచనం చెబుతూ చెబుతూ పద్యంలోకి వెళతాడు, పద్యం నుంచి కీర్తనకి, కీర్తన నుంచి అడుగులోకి. తెర లేదు, రెండో పాత్రధారి లేడు. నడుం కాస్త వంచి, గొంతు కీచుగా పెడితే మంథర. నిటారుగా నిలబడి అదే గొంతు నింపాదిగా పలికిస్తే దశరథుడు.

హరికథ అనే ఈ కళను ఇంత ఎత్తుకు తెచ్చిన వారు ఆదిభట్ల నారాయణదాసు. విజయనగరం ప్రాంతంలోని అజ్జాడలో 1864లో పుట్టారు. 1883లో ధ్రువచరిత్రతో హరికథ మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు ఇంకా పంతొమ్మిదేళ్లే. ఆయనది ఒక్క పురాణాలతో ఆగిన చదువు కాదు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. కాళిదాసునూ షేక్స్‌పియర్‌నూ పక్కపక్కన పెట్టి నవరసతరంగిణి రాశారు. 1919లో విజయనగరం రాజావారు సంగీత పాఠశాల పెడితే దానికి అధ్యక్షుడు ఆయనే. తర్వాతి కాలంలో ఘంటసాల చదువుకున్నది ఆ పాఠశాలలోనే. భక్తి కథ చెప్పే మనిషికి ఇంత చదువు ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. అక్షరం రాని రైతుకీ ఆస్థాన పండితుడికీ ఒకే రాత్రి, ఒకే పందిట్లో కథ చెప్పి ఇద్దరినీ మెప్పించాలంటే అంత చదువూ కావాలి.

అసలు తెలుగువాళ్ల చదువుకి మొదటి మెట్టే దైవనామం. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దించేది ‘ఓం నమః శివాయ’. అందులోంచే ‘ఓనమాలు’ అన్న మాట పుట్టింది. ఏ మతం వాళ్లయినా ఈ రోజుకీ ‘వాడికి వంటలో ఓనమాలు కూడా రావు’ అనే అంటారు.

వినడంలో వేదపాఠశాలల శిక్షణ మరీ నిశితం. గురువు ఒకసారి చెబుతాడు, శిష్యులు రెండుసార్లు అంటారు. దీన్ని సంత చెప్పడం అంటారు. ఆ పాఠం నోటికి వచ్చాక మాటలను తిప్పి తిప్పి చదివిస్తారు. జట అనే పద్ధతిలో మాటల వరస ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. ఘన అనే పద్ధతిలో ఆ వరస మూడో మాటదాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకి వెళుతుంది. ఒక్క మాట జారినా, ఒక్క స్వరం మారినా అక్కడికక్కడే దొరికిపోతుంది. పుస్తకం అవసరం లేకుండా పాఠం చెక్కుచెదరకుండా నిలిచింది ఈ కట్టుదిట్టం వల్లే. 2003లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

అయితే ఈ బడి తలుపు ఆడవాళ్లకీ, చాలా కులాల వాళ్లకీ మూసే ఉండేది. అది చెప్పకుండా దాన్ని పొగిడితే అన్యాయమే అవుతుంది. ఆ తలుపు బయట ఉన్నవాళ్లకు కథే చదువైంది. జంగం కథ నుంచి వచ్చిన బుర్రకథనే చూడండి. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో ఒక పేద ముస్లిం కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ దాన్ని తంబురాతో, గజ్జెలతో ఊరూరా మోగించారు. శివభక్తుల నోట పెరిగిన కథ ఆయన చేతిలో కరువు గురించి, అన్యాయం గురించి మాట్లాడింది. పక్కన హాస్యం చెప్పే వంతగాడు, రాజకీయం చెప్పే వంతగాడు. వినేవాళ్ల మనసులో లేచే ప్రశ్నలను వాళ్లే అడుగుతారు, కథకుడు జవాబిస్తాడు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది.

హరికథ వేదిక మీదకు స్త్రీలు కూడా వచ్చారు. సంస్కృతంలో సైతం హరికథ చెప్పే డి. ఉమామహేశ్వరికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువలకు సలహాదారుగా నియమించింది. పిల్లలు మంచి మాట వినడం మంచిదే. కానీ ఈ సంప్రదాయాల్లో వినడం సగమే. సంత విన్న శిష్యుడు తిరిగి అప్పజెప్పాలి. కథ విన్న పిల్ల ఏదో ఒక రోజు లేచి నిలబడి చెప్పాలి. బడుల్లో ఈ రెండో సగానికి గంట కేటాయించడం లేదు. వేరే మతాల పిల్లలూ ఉండే తరగతిలో ఎవరింటి కథ వాళ్లు చెప్పుకోవచ్చు. ఒకరు యూసుఫ్ కథ, ఒకరు తప్పిపోయిన గొర్రె కథ, ఒకరు ప్రహ్లాదుడి కథ.

గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో హరికథ కోసమే ఒక పాఠశాల పెట్టారు. పాట, తాళం, అడుగు, మాట అన్నీ అక్కడ కలిపే నేర్పారు. ఆడపిల్లలూ అక్కడ చిడతలు పట్టారు. ఊరు విడిచి వెళ్లినా వాళ్లు మోసుకెళ్లాల్సిన సామాను పెద్దగా ఏమీ లేదు. గజ్జెలు, చిడతలు, నోట్లో ఉన్న కథ, అంతే.