వదిలేసిన క్యాచ్ ఖరీదెంత?

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కాచుకున్న కుర్రాళ్ల మధ్య కీపర్ల మాట వచ్చిందంటే బండి వచ్చి వెళ్లినా వాదన తెగదు. "భరత్‌ని తీసెయ్యడం అన్యాయం బాబాయ్" అని ఒకడు మొదలెడతాడు. "ఇరవై సగటుతో ఎన్నాళ్లని ఆడిస్తార్రా?" అని బాబాయ్ కొట్టిపారేస్తాడు. కీపర్ల విషయంలో మన ప్రాంతానికి కాస్త అతిశయం ఉండటంలో వింతేమీ లేదు. భారత్ తరఫున ఆరు టెస్టులాడి, తర్వాత సెలెక్టర్ల పెద్దగా కూర్చున్న ఎమ్మెస్కే ప్రసాద్ గుంటూరువాడు. కోన శ్రీకర్ భరత్‌ది విశాఖే అయినా, 2015 ఫిబ్రవరిలో గోవా మీద 308 కొట్టింది మనకు దగ్గర్లోని ఒంగోలులో. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి కీపర్ అతనే.

2022 డిసెంబరు చివర రిషభ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడటంతో భరత్‌కు దారి తెరుచుకుంది. 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో మొదటి టెస్టు, 2024 ఫిబ్రవరిలో సొంతూరు విశాఖలో ఏడోది. ఆ తర్వాతి టెస్టుకు రాజ్‌కోట్‌లో గ్లౌజులు ధ్రువ్ జురెల్ చేతికి వెళ్లాయి. భరత్ లెక్క: 12 ఇన్నింగ్స్, ఒకసారి నాటౌట్, 221 పరుగులు, సగటు 20.09. బాబాయ్ చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ అంకె మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు దాని మీద పెట్టాడు.

బ్యాటర్ ఎప్పుడు అవుటవుతాడో లెక్కగట్టడానికి ఒక తేలికపాటి నమూనా ఉంది. ప్రతి పరుగు తర్వాతా, అవుటయ్యే ముప్పు ఒకే మోతాదులో ఉంటుందనుకోవడమే అది. నిజానికి క్రీజులో కుదురుకోనంత సేపు ముప్పు ఎక్కువే, కానీ ఉజ్జాయింపుకు ఇది చాలు. భరత్ పదకొండుసార్లు అవుటయ్యాడు. అతని అసలు సత్తా టెస్టుల్లో 30 సగటు అనుకుందాం. అలాంటివాడు పదకొండుసార్లు అవుటయ్యేసరికి 221 గానీ అంతకన్నా తక్కువ గానీ చేసే అవకాశం, ఈ నమూనా ప్రకారం, ఎనిమిదింట ఒకటి. సత్తా 25 అనుకుంటే నాలుగింట ఒకటికి పైనే. అంటే 20 సగటువాడికీ 30 సగటువాడికీ తేడా పట్టడానికి పన్నెండు ఇన్నింగ్స్ చాలవు. సెలెక్టర్లు తప్పు చేశారని దీని అర్థం కాదు. వాళ్లకు నెట్స్ కనిపిస్తాయి, అవతల జురెల్ కనిపించాడు. ఆ జురెల్ రాంచీలో 90 కొట్టాడు కూడా. నేననేది ఆ 20.09 ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదనే.

అసలు చిక్కు ఇంకోటుంది. కీపర్ గురించి మాట్లాడుతూ మనమంతా బ్యాటింగ్ లెక్కే వేస్తాం, ఎందుకంటే పేపర్లో పడేది అదే. గ్లౌజులతో చేసే పనికి స్కోరుకార్డులో ఉన్నవి పట్టిన క్యాచ్‌లూ స్టంపింగులూ బైలూ మాత్రమే. వదిలేసిన క్యాచ్‌కు అక్కడ గడే లేదు.

ఆ పని ఎంత కష్టమో చూద్దాం. స్పిన్నర్ గంటకు 85 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి నేలను తాకాక వేగం కోల్పోయి, సుమారు సెకనుకు 18 మీటర్ల చొప్పున వస్తుంది. బ్యాట్ అంచు నుంచి వికెట్ల వెనకున్న గ్లౌజులకు దూరం రెండు మీటర్లకు మించదు. అంటే ఎడ్జ్ తగిలాక కీపర్‌కు మిగిలేది సెకనులో పదో వంతు. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి పట్టే సమయం దానికి రెండింతలు. కనక వికెట్ల దగ్గర నిలబడ్డ కీపర్ ఎడ్జ్‌ను చూసి పట్టడు, పట్టలేడు. బంతి తగలకపోతే ఎక్కడికి వస్తుందో అక్కడ గ్లౌజులు ముందే ఉండాలి. మెత్తగా, కాస్త వెనక్కి లాగుతున్నట్టు ఉంటే తగిలి తప్పిన బంతి కూడా అందులోనే పడుతుంది. అదే ఫాస్ట్ బౌలర్‌కైతే పదిహేనూ ఇరవై మీటర్లు వెనక్కి వెళ్తాడు. అక్కడ అర సెకను దొరుకుతుంది. చూసి, నిర్ణయించుకుని, దూకవచ్చు. బయటికి ఒకే ఉద్యోగంలా కనిపించినా ఇవి రెండు వేరే పనులు. ఒకదాంట్లో దిట్ట రెండోదాంట్లో తేలిపోవచ్చు.

ఈసారి ఏ కాలేజీ మ్యాచ్‌కో వెళ్లినప్పుడు స్పిన్నర్ వేస్తుంటే బంతిని వదిలేసి కీపర్ మోకాళ్లను చూడండి. అనుభవం లేనివాడు బౌలర్ చెయ్యి దాటగానే లేచి నిలబడతాడు; తక్కువ ఎత్తులో వచ్చిన బంతి కాళ్ల సందులోంచి పోతుంది. నేర్చినవాడు బంతి నేలను తాకేదాకా కూర్చునే ఉండి, అది లేచినంతే తానూ లేస్తాడు. నాగపూర్‌లో భరత్ తన తొలి టెస్టు వికెట్ తీసింది ఇలాంటి చోటే. జడేజా బంతి తిరిగి ఆస్ట్రేలియా బ్యాటర్ లబుషేన్ బ్యాట్‌ను దాటింది, పాదం గీత లోపలికి చేరేలోపు బెయిల్స్ ఎగిరాయి. 49 దగ్గర స్టంపౌట్. అంతకు ముందు 2021 కాన్పూర్‌లో కీపర్ సాహా మెడ పట్టేస్తే, తుది పదకొండుగురిలో లేకుండానే సబ్‌స్టిట్యూట్‌గా దిగి న్యూజిలాండ్ బ్యాటర్ లేథమ్‌ను 95 దగ్గర స్టంప్ చేశాడు.

ఇప్పుడు క్యాచ్ ఖరీదు. ఇందాకటి నమూనాలో ఒక తమాషా ఉంది. ముప్పు ఎప్పుడూ ఒకటే కాబట్టి, బ్యాటర్ 5 దగ్గరున్నా 70 దగ్గరున్నా అతను ఇకపై చేస్తాడని ఆశించదగ్గ పరుగులు అతని సగటుతో సమానం. కనక 40 సగటు బ్యాటర్ క్యాచ్ వదిలేస్తే పోయేది సుమారు 40 పరుగులు. (ఆఖరి వికెట్టప్పుడో, డిక్లేర్ చేయబోతున్నప్పుడో ఇంత పోదు.) ఇక 30 సగటు కీపర్, 20 సగటు కీపర్ కంటే టెస్టుకు ఎక్కువ ఇచ్చేది రెండు ఇన్నింగ్స్‌లకూ కలిపి ఇరవై పరుగులు. రెండు టెస్టులకో మంచి బ్యాటర్ క్యాచ్ అదనంగా జారవిడిస్తే ఆ లాభం అక్కడికక్కడే చెల్లు. బాబాయ్‌కి వేయాల్సిన ప్రశ్న ఇది.

ఇదే గొడవ అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు దశాబ్దాల పాటు పడ్డారు. అక్కడ కీపర్ లాంటివాడిని క్యాచర్ అంటారు. బంతి మీదుగా రావాల్సిన హోమ్ ప్లేట్ అనే పలక వెడల్పు 17 అంగుళాలు. దాని అంచున వచ్చిన బంతిని గ్లౌజు కదలకుండా ఒడుపుగా అందుకుంటే అంపైర్ దాన్ని మంచి బంతిగా ప్రకటించే అవకాశం పెరుగుతుంది. దీన్ని ఫ్రేమింగ్ అంటారు. పాతకాలపు కోచ్‌లు ఇది విద్య అనేవాళ్లు, లెక్కలవాళ్లు నవ్వేవాళ్లు. 2008 నాటికి అన్ని స్టేడియాల్లోనూ బంతి దారిని కొలిచే కెమెరాలు వచ్చాయి. 2011లో మైక్ ఫాస్ట్ అనే విశ్లేషకుడు ఆ కొలతలన్నీ తవ్వి చూస్తే, బ్యాటింగ్‌లో అంతంతమాత్రమైన హోసే మోలినా ఈ పనితో తన జట్టుకు బోలెడన్ని పరుగులు మిగులుస్తున్నాడని తేలింది. కోచ్‌ల మాటే నెగ్గింది, అదీ లెక్కలవాళ్ల చేతుల మీదుగా. 2026 నుంచి అక్కడ అంపైర్ తీర్పును క్యాచర్ కూడా యంత్రం ముందు సవాలు చేసే వీలు వచ్చింది. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలిసినవాడికి గిరాకీ పెరుగుతుంది. ధోనీ రివ్యూలు చూస్తూ పెరిగిన మనకు ఇది కొత్త కాదు.

ఐపీఎల్ బేరాల్లోకి వస్తే లెక్క ఇంకా జారుడు నేల మీద ఉంటుంది. సన్‌రైజర్స్ 11 కోట్ల 25 లక్షలకు కొన్న ఇషాన్ కిషన్ 2025లో మొదటి మ్యాచ్‌లోనే 106 నాటౌట్, చివర్లో ఒకసారి 94 నాటౌట్. సీజన్ మొత్తం 354. అందులో రెండు వందలు ఆ రెండు రోజులవే. ఆ రెండు రోజులూ చూసినవాడికి చవక బేరం, మిగతా రోజులు చూసినవాడికి దండగ. వేలంలో ఇంకో మెలిక ఉంది: అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడే గెలుస్తాడు కాబట్టి, గెలిచినవాడు ఎక్కువ పెట్టి ఉండే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. చమురు బావుల వేలాల గురించి 1971లో ముగ్గురు అమెరికన్ ఇంజనీర్లు చెప్పిన మాట ఇది. 2025 నవంబరులో చెన్నై, జడేజానూ శామ్ కరన్‌నూ ఇచ్చి రాజస్థాన్ నుంచి సంజూ శామ్సన్‌ను తెచ్చుకుంది. ఇలాంటి మార్పిడిలో ఆ ప్రమాదం తక్కువే. కాకపోతే ఎవరి ఆటగాడి లోపాలు వాళ్లకే బాగా తెలుసు.

సంక్రాంతికి మన ఊళ్లలో జరిగే టోర్నమెంట్లలో కెమెరాలుండవు, స్కోరు పుస్తకం ఉంటుంది. అందులో కీపర్ పేరు పక్కన రెండు గడులు గీస్తే చాలు: వచ్చిన అవకాశాలు, పట్టినవి. స్పిన్‌కు వేరుగా, పేస్‌కు వేరుగా రాస్తే ఇంకా మేలు. అయితే తొందరపడకూడదు. నూటికి తొంభై పట్టేవాడికీ ఎనభై పట్టేవాడికీ నలభై అవకాశాల్లో వచ్చే తేడా నాలుగు క్యాచ్‌లే, ఆ నాలుగూ ఒట్టి అదృష్టం వల్ల కూడా రావచ్చు. మూడు నాలుగేళ్ల పుస్తకాలు పారేయకుండా దాచాల్సి ఉంటుంది.